కిడ్నీ జబ్బు: ప్యాకెట్ వెనుక లేబుల్ చదివి లోపల ఏముందో చెప్పగలరా? ఉద్దానం కుటుంబాలకు ఇది ఎందుకు తెలియాలి?

చేతికందిన ప్యాకెట్ ఒకటి తీసుకోండి. పేరు, బొమ్మ కనిపించకుండా ముందు వైపు చేత్తో మూయండి. వెనుక ఉన్న పదార్థాల జాబితా మాత్రమే చదవండి. లోపల ఏముందో చెప్పగలరా?

ఇది పిల్లల ఆటలా అనిపించొచ్చు. కానీ ఉద్దానంలో అమ్మో, నాన్నో కిడ్నీ జబ్బుతో ఉండి, మీరు విశాఖలోనో, హైదరాబాద్‌లోనో ఉద్యోగం చేస్తుంటే ఈ ఆట నేర్చుకోవడం అవసరం. కిడ్నీ రోగుల ఆహారంలో డాక్టర్లు ముఖ్యంగా గమనించమనేవి మూడు: సోడియం, పొటాషియం, ఫాస్ఫరస్. వీటిలో పోషకాల పట్టికలో తప్పనిసరిగా అంకె వేయాల్సింది సోడియానికి మాత్రమే. మిగతా రెండింటినీ పదార్థాల జాబితాలో మనమే వెతుక్కోవాలి.

ఉద్దానంలో పరిస్థితి ఏంటి?

శ్రీకాకుళం జిల్లాలో ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల్లో దశాబ్దాలుగా కిడ్నీ జబ్బు కనిపిస్తోంది. షుగర్, బీపీ లేనివారికీ, ముఖ్యంగా పొలం పనులు చేసుకునేవారికీ ఇది వస్తోంది. కచ్చితమైన కారణం ఇప్పటికీ తేలలేదు. పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రి 2023 డిసెంబర్ 14న ప్రారంభమయ్యాయి. టెక్కలి, సోంపేటలోనూ ప్రభుత్వ డయాలసిస్ సేవలు ఉన్నాయి.

ప్యాకెట్ ఆహారం వల్లే ఈ జబ్బు వస్తోందని ఎవరూ తేల్చలేదు. కానీ జబ్బు వచ్చాక ఏం తింటున్నామన్నది చాలా ముఖ్యం. దెబ్బతిన్న కిడ్నీలు పొటాషియాన్ని బయటకు పంపలేవు. రక్తంలో అది బాగా పెరిగితే గుండె లయ తప్పుతుంది, ప్రాణానికే ముప్పు రావచ్చు. ఫాస్ఫరస్ పేరుకుంటే ఎముకలు, రక్తనాళాలు దెబ్బతింటాయి.

లేబుల్ మీద ఏం ఉండాలి?

ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2020 లేబులింగ్ నిబంధనల ప్రకారం పదార్థాలను బరువును బట్టి ఎక్కువ నుంచి తక్కువకు వరుసగా రాయాలి. అంటే జాబితాలో మొదటి పేరే ప్యాకెట్‌లో ఎక్కువగా ఉన్న పదార్థం. కలిపిన రసాయనాలను పేరుతో గానీ, ఐఎన్‌ఎస్ నంబరుతో గానీ చూపించాలి.

పోషకాల పట్టికలో సోడియం మిల్లీగ్రాముల్లో ఉంటుంది. దాన్ని 2.5తో గుణిస్తే ఎంత ఉప్పుకు సమానమో తెలుస్తుంది. ఆరోగ్యవంతులైన పెద్దలకు రోజుకు 2,000 మిల్లీగ్రాముల సోడియం, అంటే 5 గ్రాముల ఉప్పు పరిమితి. ఉదాహరణకు 100 గ్రాములకు 1,000 మిల్లీగ్రాములని రాసి, ప్యాకెట్ 70 గ్రాములుంటే, అది మొత్తం తిన్నవారికి 700 మిల్లీగ్రాముల సోడియం అందుతుంది. రోజు పరిమితిలో 35 శాతం ఆ ఒక్క ప్యాకెట్‌తోనే అయిపోయినట్టు.

ఇప్పుడు చెప్పండి, ఇవేంటి?

ఇవి ఏ కంపెనీ లేబుళ్లూ కావు. మార్కెట్లో సాధారణంగా కనిపించే జాబితాల నమూనాలు.

మొదటిది: మినప్పిండి, ఉప్పు, నూనె, ఇంగువ, 500(ii).
జవాబు: అప్పడం. 500(ii) అంటే వంట సోడా, అందులోనూ సోడియం ఉంటుంది. ‘ఉప్పు’ అన్న మాట ఒక్కసారే కనిపించినా సోడియం రెండు దారుల్లో వస్తోంది.

రెండోది: మైదా, పామాయిల్, ఉప్పు, 508, 412, 501(i), 451(i), మసాలా పొడి.
జవాబు: ఇన్‌స్టంట్ నూడుల్స్. 508 అంటే పొటాషియం క్లోరైడ్, 501 పొటాషియం కార్బొనేట్, 451 ఫాస్ఫేట్. మూడింటికీ పట్టికలో విడిగా అంకె ఉండకపోవచ్చు.

మూడోది: కార్బొనేటెడ్ నీరు, చక్కెర, రంగు 150డి, 338, కెఫీన్.
జవాబు: నల్లగా ఉండే కోలా డ్రింక్. 338 అంటే ఫాస్ఫారిక్ ఆమ్లం. పప్పులు, గింజల్లో సహజంగా ఉండే ఫాస్ఫరస్‌లో దాదాపు సగమే ఒంటికి పడుతుంది. ఇలా విడిగా కలిపిన ఫాస్ఫేట్ మాత్రం చాలావరకు రక్తంలోకి చేరుతుంది.

నాలుగోది: సోడియం క్లోరైడ్, పొటాషియం క్లోరైడ్, పొటాషియం అయోడేట్.
జవాబు: ‘లో సోడియం’ ఉప్పు.

అసలు జాగ్రత్త పడాల్సింది ఈ నాలుగో ప్యాకెట్ దగ్గరే. బీపీ ఉన్న నాన్నకు మంచిదని పిల్లలు ప్రేమతో సిటీ నుంచి కొని పంపేది ఇదే. ఇందులో తగ్గించిన సోడియం స్థానంలో పొటాషియం చేరుతుంది. 5 గ్రాముల ఉప్పులో 1.5 గ్రాములు పొటాషియం క్లోరైడ్ ఉంటే సుమారు 780 మిల్లీగ్రాముల పొటాషియం ఒంట్లోకి వెళ్తుంది. ఇలాంటి ఉప్పు వాడొచ్చని 2025 జనవరిలో సూచించిన ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా కిడ్నీ పనితీరు దెబ్బతిన్నవారికి ఆ సూచన వర్తించదని చెప్పింది.

మామూలు అయోడైజ్డ్ ఉప్పులోనూ పొటాషియం అయోడేట్ కనిపిస్తుంది. అది అతి స్వల్పం, దాన్ని చూసి భయపడక్కర్లేదు. చూడాల్సింది ‘క్లోరైడ్’ అన్న మాటను.

ఫోన్‌లో రాసి పెట్టుకోవాల్సిన నంబర్లు

ఫాస్ఫరస్: 338 నుంచి 341 వరకు, 450, 451, 452. పేరులో ‘ఫాస్ఫేట్’ ఉంటే అదే.
పొటాషియం: 508, 501, 202, 224. 340లో పొటాషియం, ఫాస్ఫరస్ రెండూ ఉంటాయి.
సోడియం: 500, 211, 223, 621.

202, 211 లాంటి నిల్వ పదార్థాలు కలిపేది తక్కువ మోతాదులోనే. జాబితాలో ముందు వరుసలో ఉన్న ఉప్పు, 508, ఫాస్ఫేట్లను ముందుగా గమనించండి.

లేబుల్ చెప్పనివి

అయిదో ప్యాకెట్‌లో ఒకటే పదార్థం: జీడిపప్పు. పలాస ఊరి పేరు చెప్పగానే గుర్తొచ్చేదే. ఉప్పు వేయని పప్పులో 100 గ్రాములకు సోడియం సుమారు 12 మిల్లీగ్రాములే. కానీ పొటాషియం సుమారు 660, ఫాస్ఫరస్ సుమారు 590 మిల్లీగ్రాములు ఉంటాయి. పట్టికలో ఆ రెండు అంకెలూ ఉండాలన్న నియమం లేదు.

ఉద్దానం తోటల్లో దొరికే కొబ్బరిబోండానికి అసలు లేబులే ఉండదు. ఒక గ్లాసు, అంటే 200 మిల్లీలీటర్ల కొబ్బరి నీళ్లలో సుమారు 500 మిల్లీగ్రాముల పొటాషియం ఉంటుంది. ఆరోగ్యవంతులకు ఇది మంచిదే. పొటాషియం పెరిగిన కిడ్నీ రోగికి మాత్రం కాదు.

అలాగని కిడ్నీ రోగులంతా అన్నీ మానేయాలని కాదు. జబ్బు ఏ దశలో ఉంది, డయాలసిస్ జరుగుతోందా, రక్తపరీక్షలో పొటాషియం, ఫాస్ఫరస్ ఎంత ఉన్నాయి అన్నదాన్ని బట్టి ఏది ఎంత తినాలో మారుతుంది. ఆ పరిమితిని డాక్టర్‌నో, డైటీషియన్‌నో అడిగి రాయించుకోండి.

లేబుల్ లేకపోతే, తప్పుగా ఉంటే?

100 చదరపు సెంటీమీటర్లకు మించని చిన్న ప్యాకెట్లపై పదార్థాల జాబితా, పోషకాల పట్టిక వేయకపోయినా నిబంధనలు ఒప్పుకుంటాయి. వాటిని కలిపి ఉంచిన పెద్ద కవరు మీద మాత్రం ఆ వివరాలుండాలి. కిరాణా కొట్టులో దాన్ని చూపించమని అడగండి.

పెద్ద ప్యాకెట్ మీద వివరాలు లేకపోయినా, తప్పుగా అనిపించినా ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ‘ఫుడ్ సేఫ్టీ కనెక్ట్’ యాప్‌లో గానీ, 1800112100 నంబరుకు గానీ ఫిర్యాదు చేయొచ్చు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. ప్యాకెట్ మీద ఉండే 14 అంకెల లైసెన్స్ నంబరు ఫొటో తీసి ఉంచుకోండి.

చక్కెర, ఉప్పు, సంతృప్త కొవ్వు వివరాలను పెద్ద అక్షరాల్లో వేయాలన్న ప్రతిపాదనకు 2024 జులైలో ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆమోదం తెలిపింది. ఆ ప్రతిపాదనలోనూ పొటాషియం, ఫాస్ఫరస్ లేవు.

ఇప్పుడు మీరు చేయాల్సింది

లేబుల్ ఇంగ్లిష్‌లో గానీ, హిందీలో గానీ ఉండాలన్నదే నిబంధన. తెలుగు తప్పనిసరి కాదు. ఇంట్లో పెద్దవాళ్లు చదవలేకపోవచ్చు, మీరు చదవగలరు. ఈసారి ఇంటికి ఫోన్ చేసినప్పుడు ముందు ఉప్పు ప్యాకెట్ వెనుక వైపు ఫొటో తీసి వాట్సాప్‌లో పంపమనండి. పొటాషియం క్లోరైడ్ అని గానీ, 508 అని గానీ ఉంటే అది వాడొచ్చో లేదో డాక్టర్ చెప్పేదాకా పక్కన పెట్టమనండి.