ఎడారి కొండలలో బైసికిలు దారులు

బైసికిలు మన గ్రామములకు క్రొత్త వస్తువు కాదు. పాలబిందెలు దానికి తగిలించుకొని పోవువారిని, ధాన్యపు బస్తా వెనుక కట్టుకొని మిల్లునకు నడిపించుకొని పోవువారిని మనమందరము చూచియున్నాము. మనకది పనికివచ్చు వాహనము. చదునైన బాటయే దానికి తగిన చోటు. అట్టి బైసికిలును పదివేల అడుగుల కొండమీదికి గొనిపోయి, అచటనుండి రాళ్ల మీదుగా లోయలోనికి దిగుటయే వేడుకగా పెట్టుకొన్నవారున్నారని చెప్పినచో, పనిలేనివారి చేష్టయని పెద్దలు నవ్వవచ్చును. అయినను ఆ వేడుక వెనుక ఒక యూరి బ్రదుకుతెరువు కలదు. ఒక నేల యొక్క మేలుకీడులు కలవు. ఆ రెండింటిని గూర్చి నేడు మీతో ముచ్చటింపదలచితిని.

అమెరికా సంయుక్త రాష్ట్రములలో యూటా యను రాష్ట్రము కలదు. దాని ఆగ్నేయభాగమున, కొలరాడో నది చేరువను, మోయాబ్ అను చిన్న పట్టణమున్నది. 2020వ సంవత్సరపు జనాభా లెక్కలలో అచటి జనము అయిదువేల పైచిలుకు మాత్రమే. ఆ యూరు సముద్రమట్టమునకు సుమారు 4,000 అడుగుల ఎత్తున నున్నది. చుట్టును ఎఱ్ఱని ఇసుకరాతి గుట్టలు, నిట్టనిలువు లోయలు; ఒక దిక్కున లా సాల్ కొండలు. ఆ కొండలలో ఎత్తైన పీల్ శిఖరము 12,700 అడుగులు దాటినది. పైన శిఖరములు మంచుతో తెల్లనై యుండగా క్రింద నేల ఎఱ్ఱగా, పొడిగా నుండును. ఏడాది పొడుగున కురియు వాన సుమారు 9 అంగుళములు. మనము అనంతపురము జిల్లాను వానకు మొగము వాచిన సీమ యందుము. అచట సగటున 22 అంగుళములు కురియును. అందులో సగమైనను లేని చోట మనుజుడు దేనిని నమ్ముకొని బ్రదుకవలెను?

కొంతకాలము ఆ యూరు గనులను నమ్ముకొన్నది. 1952లో చార్లెస్ స్టీన్ అను భూగర్భశాస్త్రజ్ఞుడు అచటికి దక్షిణమున యురేనియపు నిక్షేపమును కనుగొనెను. అణుశక్తికి కావలసిన ఖనిజమది. జనము నలుదెసలనుండి వచ్చి పడిరి. 1956లో నది యొడ్డుననే ఖనిజమును శుద్ధిచేయు మిల్లు వెలసెను. గనులకై ఎవరును అడుగు పెట్టని రాతి అరుగులమీద సైతము బాటలు తెగినవి. తరువాత ఆ ఖనిజపు గిరాకి తగ్గెను. 1984లో మిల్లు మూతపడెను. పనిపోయినవారు ఇండ్లు విడిచి వలసపోయిరి. మిల్లు మిగిల్చిపోయినది నది యొడ్డున సుమారు ఒక కోటి అరువది లక్షల టన్నుల విషపు మడ్డికుప్ప. దానిని రైళ్లమీద ముప్పది మైళ్ల దూరమునకు తరలించు పని 2009లో మొదలై పదునైదేండ్లకు పైగా సాగినది. ముప్పదియేండ్లు నిండని సంపాదనకు ఎంత దీర్ఘమైన ఋణమో చూడుడు.

ఆ దుర్దినములలోనే బైసికిలు వచ్చినది. దాని పుట్టుక మోయాబులో కాదు. కాలిఫోర్నియా రాష్ట్రమున మెరీన్ అను ప్రాంతములో 1970ల నాటి యువకులు కొందఱు లావు చక్రముల పాత బైసికిళ్లను బాగుచేసికొని టమల్‌పయస్ కొండ మీదినుండి మట్టిదారులలో దిగుచుండెడివారు. 1976లో వారు పెట్టుకొన్న పందెమునకు వచ్చిన పేరే ఒక కథ. దిగునప్పుడు బ్రేకు వేడెక్కి, వెనుక చక్రపు ఇరుసులోని కందెన పొగయై పోయెడిది; ప్రతి దిగుడు తరువాత మరల కందెన కూరవలసి వచ్చెడిది. అందుచే ఆ పందెమునకు ‘మరల కూరుట’ అను నర్థము వచ్చు పేరే నిలిచిపోయినది. 1977లో జో బ్రీజ్ అనునాతడు కొండలకొఱకే ప్రత్యేకముగా బండిని నిర్మించెను. 1980లలో అట్టి బండ్లు కర్మాగారములలో తయారై దేశదేశములకు ప్రాకినవి. 1996లో అట్లాంటా ఒలింపిక్ క్రీడలలో ఈ పందెమునకును స్థానము దొరకెను.

ఈ బండికిని మన బండికిని భేదమేమన: దాని చక్రపు రబ్బరు వెడల్పై, గట్ల గట్లుగా నుండును, గాలి తక్కువగా నింపుదురు. అందుచే రబ్బరు రాతి వంకరలకు అనుగుణముగా అణగి పట్టు విడువదు. పండ్ల చక్రములు పలు కొలతలలో నుండుటచే ఎత్తు ఎక్కునపుడు కాలికి భారము తగ్గించుకొనవచ్చును. ముందు చక్రమును పట్టుకొన్న కొమ్ములలో కుదుపును మ్రింగు అమరిక యుండును. ఇవన్నియు కూడినపుడే రాళ్లమీద స్వారి సాధ్యమగును.

మోయాబు వద్ద ప్రసిద్ధికెక్కిన దారి ఒకటి ‘జారుడు రాయి’ యను పేర పిలువబడుచున్నది. పూర్వము ఆ బండలమీద గుఱ్ఱముల ఇనుప లాడములు జారెడివట. అందుచే ఆ పేరు. రబ్బరునకు మాత్రము ఆ రాయి జారుడు కానేకాదు. ఒకనాటి ఇసుకదిబ్బలు కోట్ల యేండ్లకు రాయిగా బిగిసి యేర్పడిన బండ యది. గంట్లు కొట్టించిన రోటివలె గరుకుగా నుండును. ఆ దారిని 1969లో మోటారు సైకిళ్లవారి కొఱకు గుర్తుపెట్టిరి. చుట్టు సుమారు పది మైళ్లు. నేనచట కొంతదూరము నడచి చూచితిని. దారి యనుటకు అచట బాటయే లేదు. బండమీద తెల్లరంగు గీతలు మాత్రమే కలవు. గీత తప్పినచో ముందున్నది అరుగో అగాధమో తెలియదు. గనులవారు 1950లలో ఒక లోయ అంచున చెక్కిన బాట మఱియొకటి. అది సుమారు నూఱు మైళ్లు. దానిని మూడు నాలుగు దినములలో చుట్టి వత్తురు. త్రాగునీరు వెంట బండిమీద మోసికొని పోవలసినదే. ఇక మూడవది, లా సాల్ కొండలలో పదునొకండువేల అడుగుల ఎత్తుననున్న కనుమ నుండి నది యొడ్డు వఱకు దిగు దారి. సుమారు 7,000 అడుగుల దిగుడు! పైన చలికి వణకుచు బయలుదేఱినవాడు క్రింద ఎండకు మాడుచు చేరును.

ఇట్టి దారులను వేయుట ఒక విద్య. దానిలో మనకు తెలిసిన నీతియే యున్నది: దారికి శత్రువు చక్రము కాదు, నీరు. మన డొంకలు ఎట్లేర్పడినవో మీరెఱుగుదురు. బండిచక్రములు గాడి చేయును. వాననీరు ఆ గాడిబట్టి పాఱును. యేటేట మట్టి కొట్టుకొనిపోయి బాట లోతగును. తుదకు బాటయే వాగగును. దీనిని తప్పించుటకై కొండదారులు వేయువారు ఒక లెక్క పాటింతురు. కొండవాలు ఎంతయో, దారి యొక్క వాలు అందులో సగమునకు మించరాదు. నూఱు అడుగులకు ఇరువది అడుగులు లేచు వాలున దారి పది అడుగులకు మించి లేవరాదన్నమాట. మించినచో వాననీరు దారిని దాటిపోక, దారివెంటనే దిగును. అదియును గాక దారి వెలుపలి యంచును ఒకింత వాల్చెదరు. నడుమ నడుమ అలలవలె మిట్టపల్లములు పెట్టెదరు. పల్లము వచ్చిన ప్రతిచోట నీరు ప్రక్కకు జారిపోవును. పొలమున నీరు నిలుపుటకు గట్టువేయువాని తెలివికిని ఈ తెలివికిని చుట్టఱికము కలదు. అతడు నీటిని ఆపును, ఇతడు సాగనంపును.

అన్నిటికంటె ముఖ్యమైన సంగతి యింకను చెప్పలేదు. ఆ యెడారిలో రాళ్ల నడుమనున్న ఇసుకమీద నల్లగా, చిన్న చిన్న బొడిపెలుగా ఒక పొర కానవచ్చును. చూచినవారు మాడిన మట్టి యనుకొందురు. అది ప్రాణమున్న పొర. నీలి ఆకుపచ్చ నాచు, పాచి, రాతిపూవు మొదలగునవి కలసి దానిని నేయుచున్నవి. నాచుపోగులు తడి తగిలినపుడు ఇసుకలో ప్రాకును. ప్రాకిన త్రోవలో జిగురు తొడుగులు విడిచిపోవును. ఆ జిగురే ఇసుక రేణువులను ఒకదానితో నొకటి కుట్టి, గాలికి ఎగురకుండ, వానకు కోసికొనిపోకుండ పట్టియుంచును. గాలిలోని నత్రజనిని నేలకు చేర్చునదియు నదియే. మన వరిమళ్లలో బలమునకై వేయు నీలి ఆకుపచ్చ నాచునకు ఇది దాయాది. జేన్ బెల్నాప్ అను శాస్త్రజ్ఞురాలు మోయాబులోనే యుండి పలుసంవత్సరములు ఈ పొరను పరిశోధించెను.

ఒక్క అడుగు పడినను, ఒక్క చక్రము దొర్లినను ఆ పొర పగిలిపోవును. నాచు మరల పట్టుటకే కొన్నియేండ్లు కావలెను. పాచియు రాతిపూవును పూర్వమువలె అల్లుకొనుటకు దశాబ్దములు, మిక్కిలి పొడిచోట్ల నూఱేండ్లకు పైగా పట్టును. అందును చక్రపు జాడ కాలిజాడకంటె హానికరము. కాలిజాడలు విడివిడిగా నుండును. చక్రపు జాడ తెగని గీటు. వాన రాగానే అది కాలువయై పాఱును. బండ పల్లములలో నిలుచు వాననీటి గుంటలును ఇట్టివే. ఆ గుంటలు ఎండిపోయినను అందలి చిఱుజీవుల గ్రుడ్లు ఏండ్ల తరబడి ధూళిలో ప్రాణముతో నుండి, మరల వానకు పొదుగబడును. కావుననే అచటి పెద్దలు స్వారికి వచ్చువారితో పదేపదే చెప్పుమాట యిది: రాతిమీద పొండు, వేసిన దారిమీద పొండు, ఇసుకలోనికి దిగకుడు, గుంటలను త్రొక్కకుడు.

ఈ మాట ఊరక పుట్టలేదు. 1990ల తొలి యేండ్లలో వసంతకాలపు సెలవులకు జనము వేలకొలది వచ్చి గుట్టలమీద విడిదిచేసిరి. వంటచెఱకునకై చెట్లు విఱిచిరి. తోచిన తావున త్రోవలు త్రొక్కిరి. అప్పుడు అచటి జిల్లా పాలకులును, ప్రభుత్వ భూముల శాఖవారును ఏకమై, ఆ దశాబ్దపు నడిమి కాలమున ఆ గుట్టల పాలనను కలసి చేపట్టిరి. విడిదులకు హద్దులు పెట్టిరి. ప్రవేశమునకు రుసుము విధించి, ఆ సొమ్మును అచటి సంరక్షణకే వినియోగించుచున్నారు. దారిలో మర్యాదలును ఏర్పడినవి. దిగువాడు ఎక్కువానికి తొలగవలెను; బైసికిలువాడు కాలినడకవానికిని గుఱ్ఱపు రౌతునకును తొలగవలెను. అయినను చిక్కులన్నియు తీరలేదు. వచ్చిపోవువారు పెరిగినకొలది ఇండ్ల వెలలు పెరిగి, హోటళ్లలోను అంగళ్లలోను పనిచేయువారికే ఊరిలో తల దాచుకొన చోటు కఱవైనది.

మన దేశమున లడఖ్ సైతము ఇట్టి యెత్తైన ఎడారియే. లే పట్టణము 11,500 అడుగుల ఎత్తున నున్నది. ఏడాదికి కురియు వాన సుమారు నాలుగు అంగుళములు. అచటి కనుమలకును బైసికిలు యాత్రికులు పోవుచున్నారు. కావున ఇది కేవలము పరదేశపు ముచ్చట కాదు. నా మనవి యొక్కటే. పంట పండని గుట్టను చూచి పనికిరాని నేల యనుట మనకు అలవాటు. పనికిరానిదను పేరు పెట్టినపిదప దానిని త్రవ్వుటకును త్రొక్కుటకును ఎవరును సంకోచింపరు. మోయాబువారు అట్టి నేలను ఒకమాఱు త్రవ్వి బ్రదికిరి. మఱియొకమాఱు చూపి బ్రదుకుచున్నారు. చూపి బ్రదుకువాడు దానిని కాపాడుకొనక తప్పదు. గ్రామమునకు చేరువనున్న గుట్టను గూర్చి నిర్ణయము చేయవలసి వచ్చినపుడు, దానిమీద పాఱు నీరెటుపోవును, దాని మీది పొర ఎన్నాళ్లకు మరల పట్టును అను రెండు ప్రశ్నలు ముందుగ వేసికొనుడు. సమాధానములు ఆ గుట్టమీదనే యున్నవి. వంగి చూచువారికి కనబడును.