చుక్కల నడుమ సంఖ్యలు

రేడియో సంగతితోనే మొదలిడుదము. అమెరికాలో 1961 జూన్ 1వ తేదీన ఎఫ్.ఎమ్. ప్రసారములు స్టీరియోలో ఆరంభమైనవి. ఎడమ ధ్వనిని ఒక దారిని, కుడి ధ్వనిని వేరొక దారిని పంపినచో పాత సెట్టు గల గృహస్థు సగము పాటతోనే తృప్తి పడవలసివచ్చును గదా! అందుచేత ఇంజనీర్లు రెండు ధ్వనుల మొత్తమును పాత చోటనే ఉంచి, వాని భేదమును 38 కిలోహెర్ట్జుల ఉపవాహక తరంగముపై ఎక్కించిరి. పాత సెట్టు మొత్తమును పట్టుకొని మునుపటివలెనే పాడినది. క్రొత్త సెట్టు ఆ రెంటిని కూడి, తీసివేసి, ఎడమ కుడులను విడదీసినది.

ఇట్టి పూచీయే సాఫ్ట్‌వేరునకును కావలయును. కంప్యూటరును, చేతిఫోనును నడిపించు ఈ ఆదేశముల సముదాయమును దాని కర్తలు తరచు సవరించుచుందురు; సవరించిన ప్రతిసారియు 2.4.1 వంటి సంఖ్య నొకదానిని తగిలింతురు. పెక్కుమంది పాటించు మర్యాద యిది: చివరి సంఖ్య పెరిగినచో తప్పులు దిద్దిరని యర్థము, నడిమిది పెరిగినచో క్రొత్త సదుపాయము చేరినది, పాతవన్నియు యథాతథముగా నున్నవి. మొదటి సంఖ్య మారినప్పుడు మాత్రము పాత ప్రోగ్రాములు దీనితో నడువకపోవచ్చును. ఇవి దశాంశములు కావని గుర్తుంచుకొనవలయును. 2.9 తరువాత వచ్చునది 2.10.

ఏ ప్రోగ్రామును ఒంటరిగా బ్రతుకదు; ఒకటి మరి పదింటిపై ఆనుకొని యుండును. కావున నడిమి సంఖ్య యనునది ఒక వాగ్దానము. అయితే ఆ వాగ్దానము దేనిని గూర్చి? వ్రాసియుంచిన నియమమును గూర్చియా, జనులు అలవాటు పడిన నడతను గూర్చియా? చిక్కంతయు ఇచ్చటనే.

లైనక్సు వ్యవస్థలో అసంఖ్యాకములైన ప్రోగ్రాములకు జీలిబ్‌సి యను లైబ్రరీ ఆధారము. 1997 నుండియు దాని మొదటి సంఖ్య 2 గానే యున్నది. అందులో మెమ్‌కాపీ యను ఆదేశము జ్ఞాపకములోని సమాచారమును ఒకచోటి నుండి మరియొకచోటికి ఎత్తివ్రాయును. ఆ రెండు చోట్లును ఒకదానిపై నొకటి పడరాదు, పడునట్లయిన మెమ్‌మూవ్ అను వేరొక ఆదేశమును వాడవలయునని నియమము. పంక్తిలో కూర్చున్న పదిమందిని ఒక్కొక్క పీట ముందుకు జరుపవలసివచ్చినదనుకొందము. ముందువాడు మొదట జరిగినచో ఇబ్బంది లేదు. వెనుకవాడే మొదట లేచినచో ముందువాని ఒడిలో కూర్చుండవలసివచ్చును! జ్ఞాపకములో నైనచో ముందున్నది చెరిగిపోవును.

2010లో వేగము కొరకు, కొన్ని ప్రాసెసర్లపై మెమ్‌కాపీ వెనుకనుండి ఎత్తివ్రాయునట్లు మార్చిరి. నియమమునకు భంగము లేదు. కాని ఆ మార్పుతో వెలువడిన ఫెడోరా 14లో ఫ్లాష్ ద్వారా పాటలు వినువారికి ధ్వని వికృతమై వినవచ్చినది. నియమమును మీరినది ఫ్లాషే. అంతవరకు మాత్రము దాని తప్పు ఎవరి చెవినిబడలేదు. తప్పు మాది కాదని లైబ్రరీ పక్షమువారు వాదించిరి. తప్పెవరిదైనను వినువానికి నిమిత్తము లేదు, నిన్నటి వరకు నడచినది నేడును నడువవలయునని లైనక్సు కర్త లీనస్ టోర్వాల్డ్సు పట్టుబట్టెను. మా మనస్సు ఈయన వైపునకే మొగ్గుచున్నది. పాట చెడినప్పుడు శ్రోత చేతికి నియమావళి నిచ్చిన నేమి లాభము? అట్లని, తెలియక చేసిన ప్రతి తప్పును కలకాలము మోయవలసినచో లైబ్రరీ వ్రాయువాడు అడుగు కదలుపలేడు. ఆ వాదమును తేలికగా త్రోసివేయుటకు వీలులేదు.

2011లో వచ్చిన 2.14లో ఉపాయము దొరకినది. మెమ్‌కాపీ యను పేరునకే రెండు వెర్షనులు ఏర్పరచిరి. అంతకుముందు తయారైన ప్రోగ్రాము వచ్చి అడిగినచో, ఒకదానిపై నొకటి పడినను చెడని పాత తీరునే దానికి అందింతురు. క్రొత్త నడక ఆ పిమ్మట తయారైనవానికే.