ఓడిన గొంతుకు ఏం మిగులుతుంది?

మా ఆత్మకూర్ (ఎస్) మండలంలో ఏ ఊరి చర్చికి వెళ్లినా కమ్మగా పాడే పిల్లలు ఒకరిద్దరు కనబడతారు. ఆరాధన ముగిసి అందరూ చెప్పులు వెతుక్కునే వేళ ఆ పిల్లల తండ్రిని ఎవరో ఒకరు ఆపుతారు. ‘‘ఇంత మంచి గొంతు ఉంటే టీవీకి పంపవేందన్నా?’’ అంటారు. ఈ సలహాకు పైసా ఖర్చు లేదు. సలహాతో పాటు హైదరాబాద్ బస్సు ఛార్జీ కూడా చేతిలో పెట్టినవాళ్లను నేనింతవరకు చూడలేదు.

పాడే బిడ్డ ఉన్న క్రైస్తవ తండ్రికి ఇంకో చిక్కు ఉంది. పాస్టర్‌గారు మత్తయి సువార్త 25వ అధ్యాయం చూపిస్తారు. యజమాని ఇచ్చిన తలాంతును మట్టిలో పాతిపెట్టిన దాసుడికి ఏ గతి పట్టిందో గుర్తుచేస్తారు. ఇంటికొస్తే అత్తమ్మ అదే సువార్త ఆరో అధ్యాయం తీస్తుంది. నలుగురూ చూడాలని చేసే భక్తి సంగతేమిటో చదువుకోమంటుంది. ఇద్దరూ వాక్యమే చెబుతున్నారు. ఎటొచ్చీ ఆ పోటీలు ఎట్లా నడుస్తాయో ఇద్దరూ అడగలేదు. అది తెలుసుకున్నాకే వాక్యం మనకు పనికొస్తుంది.

దీనికి నేను పెట్టుకున్న కొలత ఒకటుంది. గెలిచినవాళ్లను చూసి ఏ పోటీకీ విలువ కట్టకూడదు. గెలుపు ఎక్కడైనా తియ్యగానే ఉంటుంది. ఓడినవాళ్లు ఏం పట్టుకుని ఇంటికి వచ్చారో చూడాలి. ఎందుకంటే వెళ్లినవాళ్లలో ఎక్కువమంది వాళ్లే.

అవార్డు లెక్క వేరు

ముందు అవార్డుల సంగతి. ఉమ్మడి రాష్ట్రంలో లేపాక్షి నంది పేరిట 1964లో సినిమా అవార్డులు మొదలయ్యాయి. తెలంగాణలో వాటి స్థానంలో ప్రజాగాయకుడు గద్దర్ పేరిట అవార్డులిస్తామని 2024 జనవరి 31న, ఆయన జయంతి సభలో ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి ప్రకటించారు. 2025 జూన్ 14న హైదరాబాద్ హైటెక్స్‌లో వాటిని అందజేశారు. 2024 సంవత్సరానికి సంగీత దర్శకుడిగా ‘రజాకార్’ సినిమాకు భీమ్స్ సిసిరోలియోకు, గాయనిగా ‘పుష్ప 2’ పాటకు శ్రేయా ఘోషల్‌కు అవార్డులు దక్కాయి.

ఇక్కడ తండ్రులు గమనించాల్సింది ఒకటుంది. నంది అయినా, గద్దర్ అయినా ఇవి సినిమా అవార్డులు. సినిమాలో లేని పాట ఎంత గొప్పదైనా వీటి లెక్కలోకి రాదు. గద్దర్ తన జీవితంలో ఎక్కువ పాటలు పాడింది సినిమాల బయటే. ‘ఒరేయ్ రిక్షా’లో తన పాటకు నంది వస్తే ఆయన తీసుకోలేదు కూడా. అవార్డు వద్దన్న మనిషి పేరు మీదే ఇప్పుడు అవార్డు ఉంది. ప్రభుత్వాలు మనసు పడితే కాదనడం ఎవరి తరమూ కాదు.

మా సూర్యాపేట ప్రాంతం పాటకు కొత్తది కాదు. తుంగతుర్తి పక్కన కరివిరాల కొత్తగూడెంలో పుట్టిన మల్లు స్వరాజ్యం తెలంగాణ సాయుధ పోరాట కాలంలో ఉయ్యాల పాటలు పాడుతూ ఊళ్లను కదిలించారు. తుపాకీ పట్టి దళాన్నీ నడిపారు. అప్పటి ప్రభుత్వం ఆమెకు ప్రకటించిన నగదు పది వేల రూపాయలు. ఆ డబ్బు ఆమెకు కాదు, ఆమెను పట్టిచ్చినవాళ్లకు. మా దిక్కున పాడిన గొంతుకు సర్కారు నుంచి వచ్చిన తొలి గుర్తింపు బహుశా ఇదే.

అవార్డు గురించి ఇంకో సంగతి ‘నాటు నాటు’ పాట నేర్పింది. 2023 జనవరిలో గోల్డెన్ గ్లోబ్, మార్చి 12న ఆస్కార్ వచ్చాయి. ఆస్కార్ ప్రతిమలు సంగీతం కట్టిన కీరవాణికి, పాట రాసిన చంద్రబోస్‌కు అందాయి. పాడిన రాహుల్ సిప్లిగంజ్, కాలభైరవ ఆ వేదిక మీద పాట పాడారు గానీ ప్రతిమ వాళ్లది కాదు. పాటల విభాగం నిబంధన అట్లాగే ఉంటుంది. అది పాట తయారుచేసినవాళ్లకు ఇచ్చేది, పాడినవాళ్లకు కాదు. అమెరికాలో గ్రామీలు కూడా ‘సాంగ్ ఆఫ్ ది ఇయర్’ రాసినవాళ్లకు, ‘రికార్డ్ ఆఫ్ ది ఇయర్’ పాడినవాళ్లకు, రికార్డు తయారుచేసినవాళ్లకు ఇస్తాయి. కాబట్టి ‘‘మా బిడ్డకు అవార్డు రావాలి’’ అనుకునే తండ్రి ముందు ఏ పనికి రావాలో తేల్చుకోవాలి.

మరి భక్తి పాటకు అవార్డు ఇవ్వడం తప్పా? అమెరికా క్రైస్తవులు ఈ సందేహం ఎప్పుడో తీర్చేసుకున్నారు. గ్రామీలు 1959లో మొదలైతే, 1962లోనే గాస్పెల్ విభాగం వచ్చింది. మహాలియా జాక్సన్ దాన్ని గెలిచింది. 1969 నుంచి క్రైస్తవ సంగీతానికి డవ్ అవార్డులు వేరుగా ఇస్తున్నారు. మన తెలుగు సంఘాల్లో ఆ పని యూట్యూబ్ వ్యూస్ చూసుకుంటున్నాయి. దానికి జ్యూరీ లేదు, దరఖాస్తు లేదు, పాట వినకపోయినా ఫర్వాలేదు, మధ్యలో ఆపేసినా లెక్కలోకి రావచ్చు.

నా కొలతతో చూస్తే అవార్డు పెద్దగా కీడు చేయదు. అయిపోయిన పనికి ఇచ్చేది కాబట్టి రాకపోయినా పని అట్లాగే ఉంటుంది. అవార్డు రాని పాటను జనం పాడుకుంటూనే ఉంటారు. ఆ పాట ఓడిందన్న సంగతి చాలామందికి తెలియనే తెలియదు.

టీవీ పోటీ రెండు రకాలు

పోటీల సంగతి అట్లా కాదు. బయట నుంచి చూస్తే అన్నీ ఒకే తీరుగా కనిపిస్తాయి. లైట్లు, జడ్జీలు, ఏడ్చే అమ్మలు. లోపల మాత్రం రెండు రకాలు.

ఒకటి ‘పాడుతా తీయగా’ తరహా. 1996లో ఈటీవీలో మొదలైంది. ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం 2020లో కన్నుమూసేదాకా దాన్ని నడిపారు. ఆ తర్వాత ఆయన కొడుకు చరణ్ అందుకున్నారు. ఇందులో జడ్జీలు వింటారు, మార్కులు వేస్తారు. బాలు అయితే పాట అయిపోగానే పిల్లల్ని మెచ్చుకుని, ఆ వెంటనే ఎక్కడ ఒత్తు పోయిందో, ఎక్కడ శ్రుతి జారిందో, ఆ పాట రాసిన కవి ఏం చెప్పదలచుకున్నాడో విడమరిచేవారు. రెండో రౌండ్‌లో వెళ్లిపోయిన పిల్లకు కూడా తన తప్పేమిటో తెలిసేది. సర్టిఫికెట్ కంటే అది ఎక్కువ.

రెండోది ‘ఇండియన్ ఐడల్’ తరహా. దాని మూలం 2001లో బ్రిటన్‌లో వచ్చిన ‘పాప్ ఐడల్’. మన దేశంలో 2004లో సోనీలో మొదలైంది. ఇందులో మొదట కెమెరా లేని వడపోతలుంటాయి. మనకు తెలిసిన జడ్జీల ముందుకు వచ్చేది వాటిలో మిగిలినవాళ్లే. చివరికి వెళ్లేకొద్దీ తీర్పు జడ్జీల చేతిలోంచి ప్రేక్షకుల ఫోన్లలోకి పోతుంది. 2006లో రెండో సీజన్ ఫైనల్‌కు మన కారుణ్య వెళ్లాడు. ఓట్లలో సందీప్ ఆచార్య గెలిచాడు. 2010లో శ్రీరామచంద్ర, 2017లో రేవంత్ విజేతలయ్యారు. 2022లో ఆహాలో వచ్చిన ‘తెలుగు ఇండియన్ ఐడల్’ తొలి సీజన్‌ను నెల్లూరు అమ్మాయి వాగ్దేవి గెలిచింది. శ్రీరామచంద్ర, రేవంత్, రాహుల్ సిప్లిగంజ్ ముగ్గురూ తర్వాతో ముందో బిగ్‌బాస్‌కు కూడా వెళ్లారు. పాటకూ ఆ ఇంటికీ సంబంధం ఏమిటని అడగకండి. హైదరాబాద్‌లో ఇంటి అద్దెలు తెలిసినవాళ్లకు చెప్పనక్కర్లేదు.

వీళ్లంతా నిజంగా బాగా పాడేవాళ్లే. నా అభ్యంతరం వాళ్ల గురించి కాదు, ఓటు గురించి. ఓటు గొంతును కొలవదు. ఆ రాత్రి ఎన్ని ఫోన్లు మీవైపు ఉన్నాయో కొలుస్తుంది. తొలి రోజుల్లో ఆ ఓటు ఎస్సెమ్మెస్‌కు మామూలు మెసేజ్ కంటే ఎక్కువ వసూలు చేసేవాళ్లు. ఊళ్లో యువకులు చందాలు వేసుకుని మరీ ఓట్లు పంపేవాళ్లు. ఇప్పుడు యాప్ వచ్చింది. లెక్క మాత్రం మారలేదు. జనం ఎక్కువసేపు చూడాలి, ప్రకటనలు నడవాలి. అందుకే పాట కంటే ముందు కథ కావాలి. నాన్న ఆటో నడుపుతాడా, అమ్మ పత్తి ఏరుతుందా అని అడుగుతారు. పేదరికం మా దిక్కున ఏ దరఖాస్తుకైనా ఒక సర్టిఫికెట్టే, ఇక్కడ దానికి నేపథ్య సంగీతం కూడా పెడతారు. ఇక ఊరి పేరు ‘సూర్యాపేట’ అని వేస్తే సంతోషించాలి. మా బ్రాకెట్లోని ఎస్‌కు తెర మీద చోటుండదు.

ఇట్లాంటి పోటీలో ఓడిన పిల్లకు తెలిసేది ఒక్కటే. నీకు ఓట్లు తక్కువ. పన్నెండేళ్ల పిల్ల ఆ మాటతో ఏం నేర్చుకోవాలి? శ్రుతి సరిదిద్దుకోవచ్చు. ఫోన్ల సంఖ్యను సాధన చేసి పెంచుకోలేం కదా.

సంతకం పెట్టే ముందు

పద్నాలుగేళ్లలోపు పిల్లలు టీవీలో పాడినా, ఆడినా చట్టం దాన్ని ఊరికే ముచ్చట అనుకోదు. బాల కార్మిక చట్టం కింద 2017లో వచ్చిన నిబంధనలున్నాయి. కార్యక్రమం తీసేవాళ్లు అది జరిగే జిల్లా మేజిస్ట్రేట్ అనుమతి తీసుకోవాలి. మన వాడుకలో చెప్పాలంటే కలెక్టర్ అనుమతి. పిల్లలతో రోజుకు 5 గంటలు మించి పని చేయించకూడదు. విశ్రాంతి లేకుండా 3 గంటలు దాటకూడదు. వరుసగా 27 రోజులు మించకూడదు. ప్రతి ఐదుగురు పిల్లలకు బాధ్యత వహించే మనిషి ఒకరుండాలి. బడి చదువు ఆగకూడదు. వచ్చిన సంపాదనలో కనీసం 20 శాతం జాతీయం చేసిన బ్యాంకులో బిడ్డ పేరిట ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయాలి. అన్నిటికంటే ముఖ్యం, బిడ్డకు ఇష్టం లేకుండా పాల్గొననివ్వకూడదు. బిడ్డ ఇష్టం గురించి చట్టం అడిగినంత వివరంగా మన చుట్టాలు అడగరు.

డ్యాన్స్ షోలలో పిల్లల్ని అసభ్యంగా చూపించొద్దని 2019 జూన్‌లో కేంద్ర సమాచార ప్రసార శాఖ చానళ్లకు ప్రత్యేకంగా సలహా పంపింది. అట్లా చెప్పాల్సి వచ్చిందంటేనే పరిస్థితి ఎక్కడిదాకా పోయిందో తెలుస్తుంది.

టీవీని తప్పుపట్టే ముందు మా ఇల్లూ చూసుకోవాలి. ఎండాకాలం సెలవుల బైబిల్ బడి (వీబీఎస్)లో, క్రిస్మస్‌కు ముందు మా సంఘాలు పాటల పోటీలు పెడతాయి. కంఠత వాక్యాలకు, యాక్షన్ సాంగ్‌కు బహుమతులుంటాయి. మొదటి బహుమతి స్టీలు డబ్బా, రెండోది అదే డబ్బా కొంచెం చిన్న సైజు. సంఘ పెద్ద మనవరాలు ఖాళీ చేతులతో ఇంటికి వెళ్లిన సంవత్సరం నాకు గుర్తులేదు. అయినా ఈ పోటీలో ఒక మంచి ఉంది. ఓడిన పిల్లలు మరుసటి ఆదివారం అదే క్వయిర్‌లో, గెలిచినవాళ్ల పక్కనే నిలబడి పాడతారు. వాళ్లను ఇంటికి పంపే ఏర్పాటే మా దగ్గర లేదు.

ఇంట్లో పుస్తకాలు

పోటీకి పంపినా పంపకపోయినా బిడ్డ ఎదిగేది ఇంట్లోనే కాబట్టి ఇంట్లో ఉన్న పుస్తకాలూ చూద్దాం. పిల్లల పెంపకం మీద క్రైస్తవ పుస్తకాలు చాలానే వచ్చాయి. వాటిలో చాలావరకు అమెరికా నుంచి తెలుగులోకి దిగినవే. మొండికేసిన పిల్లాణ్ని వాడి గదిలోకి పంపి కాసేపు ఆలోచించుకోనివ్వమంటాయి. మా ఇళ్లలో ఆ గదిలో అప్పటికే తాత పడుకుని ఉంటాడు. ‘యాత్రికుని ప్రయాణము’ చాలా ఇళ్లలో ఉంది. జాన్ బన్యన్ 1678లో అచ్చేసిన మొదటి భాగంలో కథానాయకుడు పెళ్లాం పిల్లల్ని ఇంట్లో వదిలేసి మోక్షానికి బయలుదేరతాడు. వాళ్ల ప్రయాణం కోసం 1684లో రెండో భాగం రాయాల్సి వచ్చింది. కుటుంబాన్ని గుర్తు తెచ్చుకోవడానికి పెద్ద రచయితకే ఆరేళ్లు పట్టింది కాబట్టి మనలాంటి తండ్రులు మరీ కుంగిపోనక్కర్లేదు. 1925 నాటి ఇంగ్లిష్ పుస్తకానికి తెలుగైన ‘ఎడారిలో సెలయేర్లు’ను చాలా ఇళ్లలో రోజుకొక పేజీ చదువుతారు. ఇది మంచి అలవాటు. ఏ రోజు పేజీ ఆ రోజే చదవాలి కాబట్టి పిల్లలు ముందుకు ఉరకలేరు, పెద్దలు వెనకబడితే తేదీ పట్టిస్తుంది.

పాడే బిడ్డకు నిజంగా పనికొచ్చే కుటుంబ పుస్తకం మాత్రం ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’. చాలా శాఖల తెలుగు సంఘాలు వాడే పుస్తకం ఇది. కీర్తన పైన రాగం, తాళం అచ్చేసి ఉంటాయి. కింద రాసినవాళ్ల పేరు చిన్న అక్షరాల్లో ఉంటుంది. పురుషోత్తమ చౌదరి (1803–1890) వంటివాళ్లు కర్ణాటక రాగాల్లో కట్టిన కీర్తనలు ఇందులో ఉన్నాయి. ఆయనకు ఎవరూ ట్రోఫీ ఇవ్వలేదు. ఓటూ అడగలేదు. ఆరాధనలో ‘‘ఫలానా నంబరు కీర్తన పాడుకుందాం’’ అంటారే గానీ రాసినాయన పేరు కూడా ఎత్తరు. ఆయన పోయి నూటముప్పై ఏళ్లు దాటినా ఊళ్లల్లో వాటిని పుస్తకం తెరవకుండా పాడేవాళ్లున్నారు. వాళ్లలో అక్షరం రాని ముసలమ్మలూ ఉన్నారు.

టీవీలో ఒక పాటకు దొరికేది కొద్ది నిమిషాలే. పల్లవి, ఒక చరణం, చప్పట్లు. కీర్తనకు అయిదారు చరణాలుంటాయి, కొన్నింటికి ఇంకా ఎక్కువ. చివరి చరణం దాకా ఊపిరి నిలపడం, మాట మింగకుండా పలకడం, పక్కవాళ్లు శ్రుతి తప్పినా తాను తప్పకపోవడం అక్కడ వస్తాయి. సంఘంలో శ్రుతి తప్పేవాళ్లకు కొరత లేదు కాబట్టి ఆ సాధనకు ఎప్పుడూ లోటు రాదు. ఈ పుస్తకంలో ఓడేవాళ్లు లేరు. గొంతు బాగోలేనివాడూ పాడతాడు, వాణ్ని ఎవరూ ఎలిమినేట్ చేయరు. చేయాలని మాకు ఒక్కోసారి అనిపించిన మాట నిజమే.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. అందుకని నా తీర్పు ఇది. తప్పు ఎక్కడుందో చెప్పి మార్కులేసే పోటీకి బిడ్డను నిశ్చింతగా పంపండి. ఓట్లు అడిగే పోటీకి పదో తరగతి దాటేదాకా పంపకండి. దాటాక కూడా బిడ్డ తనంతట తాను అడిగితేనే పంపండి. బిడ్డకు పద్నాలుగేళ్లు నిండకపోతే, ఎక్కడికి పంపినా కాగితం మీద సంతకం పెట్టే ముందు కలెక్టర్ అనుమతి పత్రం, డిపాజిట్ ఖాతా వివరాలు చూపించమని అడగండి. చూపించనివాళ్లకు సంతకం పెట్టకండి. ఈలోగా వారానికొక కీర్తన, అన్ని చరణాలూ, ఇంట్లో అందరూ కలిసి పాడండి. తండ్రి గొంతు ఎట్లా ఉన్నా సరే.