చిట్టా చేరింది, చిత్రం చేరలేదు

2008లో మా రాంనగర్ గదిలో రాత్రంతా మేలుకుని ఫేర్‌వెల్ చిత్రాన్ని ఎడిట్ చేశాం. తెల్లారి పెన్‌డ్రైవ్ పట్టుకెళ్ళి కాలేజీలో తెరిస్తే ఏముంది? బొమ్మలుండాల్సిన చోట ఎర్ర ఇంటూ గుర్తులు!

తప్పు మాదే. మైక్రోసాఫ్ట్ 2000లో తెచ్చిన మూవీ మేకర్‌లో 'ప్రాజెక్టు' ఫైలంటే దృశ్యాలు కావు; ఏ ముక్క ఎక్కడుంది, ఎక్కడ కత్తిరించాలి అనే చిట్టా మాత్రమే. రీళ్ళ డబ్బా రాకుండా వాల్‌పోస్టరొక్కటే వస్తే క్రాస్‌రోడ్స్ హాల్లో ఆట పడేదా?

మూవీ మేకర్‌ను 2017 జనవరిలో ఉపసంహరించారు. నేటి ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లలోనూ చాలావరకు ఇదే పద్ధతి. కనుక మిత్రులారా, పూర్తయిన చిత్రాన్ని వీడియో ఫైలుగా 'ఎక్స్‌పోర్ట్' చేసి, ఒకసారి వేరే కంప్యూటర్లో ఆడించి చూడండి. అసలు దృశ్యాలూ, పాటలూ ప్రాజెక్టుతోపాటు ఒకే ఫోల్డర్లో దాచండి. సాఫ్ట్‌వేర్ మరొకటి వస్తుంది. ఫేర్‌వెల్ మళ్ళీ రాదు.