పసిపిల్లలకూ కీళ్ళవాతమా?

కీళ్ళవాతం అనగానే చేతికర్ర పట్టుకుని, మూలుగుతూ లేచే తాతగారు మన కళ్ళకు కడతారు. ఆరేళ్ళ పిల్లకు కీళ్ళవాతం అంటే నమ్మేవారు తక్కువ. అలా నమ్మకపోవడం వల్లనే యెందరో పిల్లలకు వైద్యం ఆలస్యమవుతున్నది.

నేను కాలేజీలో తెలుగు పాఠాలు చెప్పుకునేవాణ్ణి, వైద్యుణ్ణి కాను. ఈ జబ్బు సంగతి నాకు మా వూళ్ళోనే తెలిసింది. మా చిరాగ్‌పల్లి జహీరాబాదుకు అవతల, బొంబాయి రస్తా మీద, కర్ణాటక పొలిమేరలో వున్నది. మా వీధిలో ఒక చిన్నపిల్ల పొద్దున లేస్తూనే కుంటేది. పది గంటలయ్యేసరికి తోటి పిల్లలతో పరుగులు తీసేది. "బడికి పోకుండ యేషాలేస్తున్నది సారూ" అనేది నాయనమ్మ. "యేషమైతే ఆదివారం గూడ ఎందుకు కుంటుతది అత్తమ్మా?" అన్నది తల్లి.

తల్లి అడిగిన ఆ ప్రశ్నే సరయినది. ఎదిగే వయసులో వచ్చే మామూలు నొప్పులు రాత్రిపూట, రెండు కాళ్ళ పిక్కల్లోనో తొడల్లోనో వస్తాయి. తెల్లవారేసరికి పిల్ల హాయిగా లేస్తుంది. కీళ్ళవాతం దీనికి తలకిందులు. నిద్ర లేవగానే కీలు బిగుసుకుపోయి వుంటుంది. కదిలిన కొద్దీ సడలుతుంది. కీలు వాస్తుంది, వెచ్చగా వుంటుంది. నొప్పి లేదని పిల్లలు అన్నా అనవచ్చు.

లండనులో జార్జి స్టిల్ అనే వైద్యుడు 22 మంది పిల్లలను పరిశీలించి, పిల్లల కీళ్ళవాతం పెద్దలదాని వంటిది కాదని 1897లోనే ప్రకటించాడు. పదహారేళ్ళు నిండకముందే మొదలై, ఆరు వారాలయినా తగ్గకుండా, మరే కారణమూ కనిపించకపోతే దానిని పిల్లల కీళ్ళవాతంగా పరిగణిస్తారు. దీన్ని తేల్చి చెప్పే రక్తపరీక్ష యేదీ లేదు. పెద్దలలో చూసే 'రుమటాయిడ్ ఫాక్టర్' చాలామంది పిల్లలలో కనిపించదు. కనుక "రక్తంలో వాతం లేదు" అన్న కాగితం చూసి నిశ్చింతగా వుండరాదు. క్షయ, రక్తపు కేన్సరు వంటివి కావని కూడా వైద్యులు నిర్ధారించుకోవాలి. జ్వరంతో ఒక కీలు కాలిపోతూ, పిల్ల దాన్ని కదపనివ్వకపోతే మాత్రం ఆరు వారాలు కాదు, ఆరు గంటలు కూడా ఆగవద్దు. కీలులో చీము చేరి వుండవచ్చు.

ఇక మందుల మాట. మొదట వాపు తగ్గించే మాత్రలు, అవసరమయితే కీలులోకి సూదిమందు ఇస్తారు. వాటితో లొంగకపోతే ఇచ్చే ముఖ్యమైన మందు మెథోట్రెక్సేట్. దాని పుట్టుకలో మన తెలుగువాని చెయ్యి వున్నది. భీమవరంలో 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లీ పరిశోధనశాలకు నాయకత్వం వహించగా, అక్కడ ఫోలిక్ ఆమ్లమూ, దానికి విరుగుడుగా పనిచేసే ఈ మందూ తయారయ్యాయి. కేన్సరుకని పుట్టిన మందు, తక్కువ మోతాదులో పిల్లల కీళ్ళవాతానికీ పనిచేస్తుందని అమెరికా, సోవియట్ దేశాలలో 127 మంది పిల్లలపై జరిపిన పరీక్ష 1992లో తేల్చింది. 1948లోనే కన్నుమూసిన సుబ్బారావుగారు ఆ మాట వినలేదు. ఆయన బృందం తయారుచేసిన ఫోలిక్ ఆమ్లాన్నే ఈనాడు ఆ మందు బాధలు తగ్గడానికి తోడుగా ఇస్తున్నారు!

ఈ మందు వారానికి ఒక్కసారే. పొరపాటున రోజూ వేస్తే ప్రాణాపాయం. గుణం కనిపించడానికి రెండు మూడు నెలలు పట్టవచ్చు. మధ్య మధ్య రక్తపరీక్షలు తప్పవు. దీనికీ లొంగని జబ్బుకు 1999 తర్వాత కొత్త రకం సూదిమందులు వచ్చాయి. అయితే వాటి ఖరీదు ఎక్కువ.

మరొక సంగతి తల్లులు మరువరాదు. ఈ జబ్బు కొందరు పిల్లలకు కంటిలోపల వాపు తెస్తుంది. కన్ను ఎర్రబడదు, నొప్పి పుట్టదు. చూపు మాత్రం పోవచ్చు. కాబట్టి కీళ్ళు బాగున్నా, వైద్యుడు చెప్పిన గడువుకు కంటిపరీక్ష చేయించాలి.

మోకాలి కింద దిండు పెట్టి పడుకోబెడితే కాలు వంకరగానే బిగుసుకుపోతుంది. పిల్లను మంచానికి కట్టెయ్యవద్దు. ఆడనివ్వండి, వ్యాయామం చేయించండి.

మా వీధి పిల్లకు హైదరాబాదులో వైద్యం జరుగుతున్నది. నీలోఫర్ పిల్లల ఆస్పత్రి, నిమ్స్‌లోని కీళ్ళవాత విభాగం మా వూరికి వంద కిలోమీటర్ల పైచిలుకు దూరం. ఆ పిల్ల తల్లి, కుంటిన రోజులన్నీ గోడమీది క్యాలెండరులో గుర్తుపెట్టి డాక్టరుకు చూపించింది. మీ ఇంట్లో పిల్ల పొద్దుటిపూట కుంటుతుంటే, ముందు ఆ పని చెయ్యండి.