గీత పోతే ‘నోరు’ కాస్తా ‘మందు’!

రెజ్యూమెలో పైథాన్‌, ఎస్‌క్యూఎల్‌ అని రాశారు. ఇంటర్వ్యూలో ‘ఈ పేరు ఫీల్డుకి టెస్ట్‌ కేసులు చెప్పండి’ అన్నారనుకోండి. ఖాళీగా వదిలేయడం, అంకెలు కొట్టడం, మరీ పొడుగు పేరు ఇవ్వడం... చాలామంది ఇక్కడితో ఆగిపోతారు. మీరు ఇంకో మెట్టు ఎక్కాలంటే నవాహో భాష అక్షరాలను ఒకసారి చూడండి.

అమెరికాలోని అరిజోనా, న్యూమెక్సికో, యూటా రాష్ట్రాల్లో నవాహో ప్రజలు మాట్లాడే భాష ఇది. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా మెరైన్లు 1942 నుంచి వాడిన రహస్య సంకేతాలకు ఆధారం ఇదే. ఇప్పుడు వాడుతున్న లిపి 1930ల చివర్లో కుదురుకుంది. రాబర్ట్‌ యంగ్‌ అనే భాషావేత్త, నవాహో పండితుడు విలియం మోర్గన్‌ కలిసి చేసిన నిఘంటువు 1943లో వచ్చింది. తీసుకున్నవి ఇంగ్లిష్‌ అక్షరాలే కానీ, వాటికి కొన్ని గుర్తులు చేర్చారు.

పలకడం ఎలా?

అచ్చులు నాలుగే: అ, ఎ, ఇ, ఒ. దీర్ఘమైతే అక్షరాన్ని రెండుసార్లు రాస్తారు. ముక్కుతో పలకాలంటే కింద చిన్న కొక్కెం పెడతారు. మనం ‘ఊఁ’ కొడతాం చూడండి, అలాంటి ధ్వని అన్నమాట. గొంతు పైస్థాయిలో పలకాలంటే అచ్చు మీద వాలుగీత గీస్తారు.

‘డి’ అక్షరాన్ని మన ‘త’కు దగ్గరగా, ‘టి’ని ‘థ’లా ఊపిరి వదిలి పలుకుతారు. త, థ తేడా తెలిసిన మనకు ఇది తేలికే. అడ్డగీత ఉన్న ‘ఎల్‌’ కోసం నాలుకను ‘ల’ స్థానంలోనే ఉంచి, గొంతు కలపకుండా పక్కల నుంచి గాలి వదలాలి. ఇక అపాస్ట్రఫీ అంటే గొంతు ఒక్క క్షణం మూసి తెరవడం. అక్కడ అది విరామచిహ్నం కాదు, అక్షరమే.

ఈ గుర్తులు అలంకారం అనుకోవద్దు. ‘నోరు’, ‘మందు’ అనే రెండు మాటల స్పెల్లింగ్‌ ఒకటే. నోరులో మాత్రం అచ్చుల మీద వాలుగీతలుంటాయి. మీ యాప్‌ ఆ గీతలు తీసేస్తే నోరు కాస్తా మందు అయిపోతుంది. ఆసుపత్రి ఫారంలో ఇలా జరిగితే?

కోడ్‌లో ఏమవుతుంది?

ఏ నుంచి జడ్‌ వరకే ఒప్పుకునే ఫారం నవాహో పేరును తిప్పికొడుతుంది. అపాస్ట్రఫీని నేరుగా క్వెరీలో అతికిస్తే ఎస్‌క్యూఎల్‌ విరిగిపోతుంది, అందుకే పారామీటర్లు వాడాలి. కొక్కెం, వాలుగీత రెండూ ఉన్న అచ్చుకు యూనికోడ్‌లో ఒకే కోడ్‌ లేదు. కంటికి ఒక్క అక్షరం, పైథాన్‌ లెక్కలో కనీసం రెండు. వాలుగీత ఒక్కటే ఉన్న అచ్చునైతే రెండు రకాలుగా దాచొచ్చు. చూడటానికి ఒకటే, పోల్చితే మాత్రం ఫాల్స్‌!

ఇది మన కథ కూడా. ‘స్త్రీ’ ఒక్క అక్షరమే కదా? పైథాన్‌లో దాని పొడవు 6. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ అనే తెలుగు అక్షరం మెసేజ్‌లో వస్తే చాలు, ఐఫోన్లలో యాప్‌లు క్రాష్‌ అయ్యాయి. యాపిల్‌ అప్‌డేట్‌ ఇచ్చి సరిచేయాల్సి వచ్చింది.

ఈ వారం ఇలా చేయండి

మీ కాలేజీ ప్రాజెక్టులోని లాగిన్‌ లేదా సెర్చ్‌ పేజీని తెరవండి. కొక్కెం, వాలుగీత, అపాస్ట్రఫీ ఉన్న పేరు ఒకటి, ‘స్త్రీ’ లాంటి తెలుగు మాట ఒకటి ఇచ్చి చూడండి. సేవ్‌ అయిందా? వెతికితే దొరికిందా? దొరక్కపోతే పైథాన్‌ యూనికోడ్‌డేటా మాడ్యూల్‌లోని నార్మలైజ్‌ ఫంక్షన్‌తో సరిచేయండి. ఏం విరిగింది, ఎలా బాగుచేశారు అన్నది నాలుగు లైన్లలో ప్రాజెక్టు రీడ్‌మీలో రాసి పెట్టండి. టెస్ట్‌ కేసులు అడిగినప్పుడు చెప్పడానికి మీ చేత్తో చేసిన ఉదాహరణ ఒకటి ఉంటుంది. బట్టీ పట్టిన జవాబు కన్నా అదే నయం.