తెర మీది భయం, గుండెలోని భయం

మనిషి డబ్బులిచ్చి మరీ భయాన్ని కొనుక్కుంటాడా? కొనుక్కుంటాడు. దెయ్యాల సినిమా టికెట్టు అంటే అదే కదా! నుమాయిష్‌లో జెయింట్ వీల్ ఎక్కినవాడు కేకలు పెడతాడు, దిగాక నవ్వుతాడు. పడిపోనని అతనికి తెలుసు. ముప్పు లేదని తెలిసిన భయంలో ఒక రుచి ఉంది. గుండె దడదడలాడి, వెంటనే కుదుటపడుతుంది. ఆ కుదుటపడటంలోనే ఆనందం. పెద్దల సంగతి సరే, ముప్పు లేదని పసివాళ్లకు తెలియదు. రాత్రి అలాంటి సినిమా చూసిన పిల్లలు మర్నాడు ఫజ్ర్ వేళ వుజూకు ఒంటరిగా వెళ్లడానికి జంకడం మేము చాలాసార్లు చూశాం.

ఈ భయాన్ని తయారుచేసే పద్ధతులు కొన్నే. పాడుబడ్డ హవేలీ, ఆరిపోయే దీపం, కిర్రుమనే తలుపు. మొదట ఒక పిల్లి దూకుతుంది. 'ఓస్, పిల్లేనా!' అని మనం ఊపిరి పీల్చుకోగానే అసలు దెబ్బ పడుతుంది. అన్నిటికన్నా పెద్ద పనిముట్టు శబ్దం. 1960లో వచ్చిన 'సైకో'లో స్నానాల గది హత్యకు సంగీతమే వద్దనుకున్నాడు దర్శకుడు హిచ్‌కాక్. హెర్మన్ వయొలిన్లతో కట్టిన బాణీ విన్నాక మనసు మార్చుకున్నాడు. ఆ నలుపు తెలుపు చిత్రంలో పారిన నెత్తురు చాక్లెట్ పాకం!

మన దేశంలో కమాల్ అమ్రోహీ 'మహల్' (1949), ఆ తర్వాత 'బీస్ సాల్ బాద్' (1962) చిత్రాల్లో దెయ్యమనుకున్నది చివరికి మనిషేనని తేలుతుంది. రామ్సే సోదరుల 'పురానా మందిర్' (1984) నాటికి భూతం నిజమైన భూతమే అయింది. రామ్‌గోపాల్ వర్మ 'రాత్రి' (1992) భయాన్ని మధ్యతరగతి ఇంట్లోకి తెచ్చింది. 'అరుంధతి' (2009)లో దుష్టశక్తిని ఎదిరించడానికి తోడు నిలిచేది అన్వర్ అనే ఫకీరు. ఫకీరంటే దెయ్యాలను వదిలించేవాడన్న ముద్ర ఇలాంటి పాత్రలతో గట్టిపడింది. దాన్ని మనవాళ్లూ నమ్మడం విచారకరం. మూర్ఛ వచ్చిన పిల్లవాణ్ణి డాక్టరుకు చూపించకుండా ఆమిల్‌ల చుట్టూ తిప్పే కుటుంబాలున్నాయి. జబ్బు చేస్తే వైద్యం చేయించుకోవాలన్నది దైవప్రవక్త (స) ఆదేశమని వారికెవరు చెప్పాలి?

జిన్నాతులు ఉన్నాయని మనం విశ్వసిస్తాం. దివ్య ఖుర్ఆన్‌లో 72వ సూరా పేరే 'అల్ జిన్న్'. ఖుర్ఆన్ విని విశ్వసించిన జిన్నుల ప్రస్తావన అందులో ఉంది. కాని చనిపోయిన మనిషి తెల్లచీర కట్టుకొని పగ తీర్చుకోవడానికి తిరిగిరావడం మన విశ్వాసం కాదు. మృతులు ఉండేది బర్జఖ్‌లో.

మదీనాలో ఒక రాత్రి భయంకరమైన శబ్దం వినిపించింది. జనం ఉలిక్కిపడి అటుగా బయల్దేరారు. అప్పటికే అక్కడికి వెళ్లి చూసి తిరిగి వస్తున్న దైవప్రవక్త (స) వారికి ఎదురయ్యారు. హజ్రత్ అబూ తల్హా (రజి) గుర్రం మీద, జీను కూడా లేకుండా, మెడలో ఖడ్గంతో ఉన్నారు. భయపడవలసిందేమీ లేదని వారికి ధైర్యం చెప్పారు. హజ్రత్ అనస్ (రజి) ఉల్లేఖించిన ఈ సంఘటన బుఖారీలో ఉంది. సినిమా శబ్దాన్ని వినిపించి, అదేమిటో చూపకుండా దాచి భయపెడుతుంది. ప్రవక్త (స) శబ్దం వచ్చిన వైపే వెళ్లి చూసి వచ్చారు.

మన ఇళ్లలో చేయవలసిందీ ఇదే. ఇలాంటి సినిమాలు పసివాళ్లకు చూపించకండి. వంటింట్లో ఏదో చప్పుడైందని రాత్రి పిల్లవాడు లేస్తే గద్దించకండి. 'బూచోడొస్తాడు' అని అసలే అనకండి. సాటి ముస్లింను భయపెట్టడం ధర్మసమ్మతం కాదని ప్రవక్త (స) హెచ్చరించారు. చేయి పట్టుకొని తీసుకెళ్లి, లైటు వేసి, దొర్లిన గిన్నెను చూపించండి. తెర మీది నెత్తురు చాక్లెట్ పాకమని చెప్పండి. పడుకునే ముందు ఇఖ్లాస్, ఫలఖ్, నాస్ సూరాలు చదివి, అరచేతుల్లో ఊదుకొని ఒళ్లంతా తడుముకోవడం ప్రవక్త (స) అలవాటు. అది నేర్పండి.

లోకంలో దేనికి భయపడినా దాని నుంచి పారిపోతాం. అల్లాహ్‌కు భయపడినవాడు మాత్రం ఆయన వైపే పరుగెత్తుతాడు. ఆ భయాన్ని, దానితోపాటు వచ్చే ధైర్యాన్ని అల్లాహ్ మన పిల్లలకు ప్రసాదించుగాక! ఆమీన్.